గాంధీకి డబ్బు తెచ్చిన ఇంజనీరు

"ఫైనాన్స్ క్లియర్ కాలేదట, మార్నింగ్ షో పడదట." తెలుగు సినిమా వార్తలు చదివేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. టికెట్ కొన్నవాళ్లు థియేటర్ గేటు దగ్గర నిలబడి ఉంటారు. ఎక్కడో ఒక ఆఫీసులో నిర్మాత, ఫైనాన్షియర్, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని తెల్లారేదాకా బేరాలాడుతుంటారు. అక్కడ గొడవంతా ఒక్క విషయం మీదే: రేపు వచ్చే కలెక్షన్లోంచి ముందు ఎవరు తీసుకోవాలి?

సినిమా ఫైనాన్స్ అంటే సూట్‌కేసు నిండా డబ్బున్న మనిషి గుర్తొస్తాడు. అసలు ఈ పనిలో ఆరితేరినవాళ్ల దగ్గర సొంత డబ్బు తక్కువే ఉంటుంది. ఎవరి డబ్బు ఏ దశలో దిగాలి, తిరిగొచ్చేటప్పుడు ఎవరు ముందు నిలబడాలి, ఎవరు చివర నిలబడాలి అన్న వరస తెలియడమే వాళ్ల విద్య. ఈ విద్య నేర్చుకోవడానికి జేక్ ఎబర్ట్స్ జీవితం కంటే మంచి పాఠం నాకు కనబడలేదు. ఆయన బ్రిటన్‌లో పుట్టలేదు, కెనడా మనిషి. కానీ పేరు తెచ్చుకున్నది లండన్‌లో. 1980ల మొదట్లో బ్రిటిష్ సినిమాకి మళ్లీ ఊపిరి పోసిన గోల్డ్‌క్రెస్ట్ కంపెనీని పెట్టింది ఆయనే. ఆ కంపెనీ కూలిపోతున్నప్పుడు లోపల ఉన్నదీ ఆయనే.

ఎబర్ట్స్ 1941లో మాంట్రియల్‌లో పుట్టాడు. మెక్‌గిల్ యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్, హార్వర్డ్‌లో ఎంబీఏ, కొన్నాళ్లు వాల్‌స్ట్రీట్. 1970ల మొదట్లో లండన్ వచ్చి ఒక అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ ఆఫీసు నడిపాడు. సినిమాతో సంబంధం లేని ఆ మనిషి దగ్గరికి ఒక నిర్మాత కుందేళ్ల కథతో వచ్చాడు. 'వాటర్‌షిప్ డౌన్' అనే యానిమేషన్ సినిమాకి పెట్టుబడి కావాలన్నాడు. లండన్ సిటీలోని మదుపరుల దగ్గరికి ఎబర్ట్స్ ఒక్కొక్కరి గడపా తొక్కి డబ్బు పోగుచేశాడు. 1978లో సినిమా విడుదలై బ్రిటన్‌లో బాగా ఆడింది, పెట్టినవాళ్లకి లాభమొచ్చింది. ఆ ఊపులో 'జులు డాన్' అనే యుద్ధ సినిమా వైపు వెళ్లి చేతులు కాల్చుకున్నాడు. లాభం వచ్చినప్పుడు ఎవరూ వరస గురించి అడగరు, నష్టం వచ్చినప్పుడే అది కనబడుతుంది.

గోల్డ్‌క్రెస్ట్ 1977లో పుట్టింది. వెనక నిలబడిన పెద్ద సంస్థ పియర్సన్. ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక, పెంగ్విన్ పుస్తకాలు అప్పట్లో వాళ్లవే. బొగ్గు గనుల సంస్థ పెన్షన్ ఫండ్ కూడా ఇందులో డబ్బు పెట్టింది. గని కార్మికుల పెన్షన్ డబ్బు సినిమా కథల్లోకి వెళ్లడం వినడానికి విచిత్రంగా ఉంటుంది. కానీ ఎబర్ట్స్ అడిగింది సినిమా తీయడానికి డబ్బు కాదు. ఆయన ప్లాన్‌లోని తెలివంతా అక్కడే ఉంది.

సినిమా పుట్టే దశల్లో అందరూ భయపడేది మొదటి దశకే. రచయితకి అడ్వాన్స్ ఇవ్వాలి, నవల హక్కులు కొనాలి, లొకేషన్లు చూడాలి, బడ్జెట్ వేయించాలి. అప్పటికి సినిమా ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. బ్యాంకు ఈ దశలో పైసా ఇవ్వదు. కానీ ఈ దశకి అయ్యే ఖర్చు మొత్తం బడ్జెట్‌లో చాలా చిన్న ముక్క. ఎబర్ట్స్ లెక్క ఏమిటంటే, ఆ చిన్న ముక్క మనం ఇద్దాం. షూటింగ్ మొదలైన రోజున, అసలు పెట్టుబడి పెట్టేవాడు రాగానే, మన అసలూ దానిమీద కొంత ప్రీమియమూ బడ్జెట్‌లోంచే తీసుకుందాం. ఆపైన లాభాల్లో వాటా ఎటూ ఉంటుంది. పది స్క్రిప్టుల్లో ఆరు మూలన పడినా, సెట్ మీదికెళ్లిన నాలుగూ ఆ నష్టాన్ని పూడుస్తాయి. పైగా సినిమా ఫ్లాప్ అయినా మన అసలు ఎప్పుడో చేతికొచ్చేసి ఉంటుంది.

'చారియట్స్ ఆఫ్ ఫైర్' ఈ పద్ధతికి అచ్చమైన ఉదాహరణ. స్క్రిప్టు దశలో గోల్డ్‌క్రెస్ట్ కొద్దిపాటి సొమ్ము ఇచ్చింది. తీయడానికి అసలు డబ్బు వేరేవాళ్లది: డోడీ ఫాయెద్‌కి చెందిన అలైడ్ స్టార్స్, ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్. 1982లో ఆ సినిమాకి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చిన వేడుకలోనే, స్క్రిప్టుకి తన ఆస్కార్ అందుకుంటూ రచయిత కోలిన్ వెలాండ్ వేదిక మీద, బ్రిటిష్‌వాళ్లు వచ్చేస్తున్నారహో అని అరిచాడు. ఆ అరుపు తర్వాత బ్రిటిష్ సినిమాని ఎంతకాలం వేధించిందో ముందుముందు చూద్దాం.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. బ్రిటిష్ నటుడు, దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరోకి గాంధీ మీద సినిమా తీయాలన్న ఆలోచన 1962లో మొదలైంది. నెహ్రూని కలిశాడు, ఆశీస్సులు దొరికాయి, డబ్బు మాత్రం దొరకలేదు. ధోవతి కట్టుకున్న ముసలాయన మీద సినిమా ఎవరు చూస్తారని హాలీవుడ్ అనుకుంది. అలా పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఈ సినిమాకి స్క్రిప్టు రాసిన జాన్ బ్రైలీ అటెన్‌బరోని ఎబర్ట్స్‌కి పరిచయం చేశాడు.

బడ్జెట్ 2.2 కోట్ల డాలర్లు. అందులో మొదటి కోటి డాలర్లు మన దేశం నుంచి వెళ్లాయి. సహనిర్మాత రాణీ దూబే ప్రధాని ఇందిరా గాంధీని ఒప్పించింది, జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ ఆ సొమ్ము పెట్టింది. అప్పుడు ఎన్‌ఎఫ్‌డీసీ చైర్మన్ మన తెలుగు నిర్మాతే: ఎన్టీఆర్‌తో 'మంగమ్మ శపథం' తీసిన డి.వి.ఎస్. రాజు. ప్రభుత్వ డబ్బు విదేశీయుడి సినిమాకి ఎందుకివ్వాలని ఇక్కడి సినిమావాళ్లలో కొందరు గట్టిగానే అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ ఫైనాన్స్ కోణంలో చూస్తే ఆ కోటి విలువ కోటి మాత్రమే కాదు. చదివింపుల పుస్తకంలో మొదటి పేరు ఎదుట అంకె పెద్దదిగా ఉంటే తర్వాత రాసేవాళ్లూ తగ్గరు. భారత ప్రభుత్వమే ముందు దిగిందంటే ఢిల్లీలో షూటింగ్‌కి అడ్డంకులుండవు, సైన్యమూ రైళ్లూ దొరుకుతాయి, సినిమా మధ్యలో ఆగదు అన్న నమ్మకం కుదిరింది. ఆ ధైర్యంతోనే మిగతా డబ్బు పోగయింది, అందులో పెద్ద భాగం గోల్డ్‌క్రెస్ట్ కూడగట్టింది.

1980 నవంబరులో షూటింగ్ మొదలైంది, 1982 నవంబరు 30న ఢిల్లీలో ప్రీమియర్ పడింది. పంపిణీ హాలీవుడ్ కంపెనీ కొలంబియా చేసింది. 1983లో ఎనిమిది ఆస్కార్లు. ఎబర్ట్స్ తర్వాత జర్నలిస్టు టెర్రీ ఇలాట్‌తో కలిసి రాసిన పుస్తకంలో కంపెనీ లెక్కలు దాచుకోకుండా బయటపెట్టాడు. వాటి ప్రకారం గోల్డ్‌క్రెస్ట్ ఈ సినిమాలో సుమారు 51 లక్షల పౌండ్లు పెట్టింది, సుమారు 1.15 కోట్లు తిరిగొచ్చాయి. అంటే 64 లక్షల పౌండ్ల మిగులు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ పనిపడుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ వరస ఎలా ఉంటుందో చూడాలి. ఊరికే లెక్క కోసం, ఒక సినిమా థియేటర్లలో 100 రూపాయలు వసూలు చేసిందనుకుందాం. సగానికి పైగా థియేటర్ ఉంచుకుంది, 45 మిగిలాయి. అందులో 30 శాతం పంపిణీదారుడి కమీషన్, అంటే 13.50 పోయాయి. పోస్టర్లకీ ప్రింట్లకీ ప్రకటనలకీ ఆయన పెట్టిన ఖర్చు ఓ 15 అనుకుంటే అదీ ఆయనే ముందు తీసేసుకుంటాడు. ఇక 16.50. ఇప్పుడు బ్యాంకు చెయ్యి చాపుతుంది: అసలు, వడ్డీ, ఫీజులు. బ్యాంకు తర్వాత, ఖర్చు పెరిగినప్పుడు ఆదుకున్నవాళ్లు. ఆ తర్వాత సొంత డబ్బు పెట్టిన మదుపరులు. వాళ్ల అసలు వచ్చాక ఏమైనా మిగిలితే అది లాభం. ఆ లాభంలో సగం మదుపరులకి, సగం నిర్మాతకి, ఆ నిర్మాత సగంలోంచే దర్శకుడికీ హీరోకీ ఇస్తానన్న వాటాలు. సూపర్ హిట్ సినిమాకి లాభమే రాలేదని కాగితాల మీద చూపించడం ఎలా కుదురుతుందో ఈ వరస చూస్తే అర్థమవుతుంది. దొంగలెక్కలు కూడా అక్కర్లేదు, చివర నిలబడితే చాలు.

మరి బ్యాంకు ఎప్పుడో రాబోయే కలెక్షన్‌ని నమ్మి అప్పెలా ఇస్తుంది? నమ్మదు. ముందే అమ్ముడైన హక్కుల కాగితాల మీద ఇస్తుంది. మన దగ్గర నైజాం ఇంతకి, సీడెడ్ ఇంతకి, ఓవర్సీస్ ఇంతకి అని షూటింగ్ నడుస్తుండగానే బేరం కుదురుతుంది కదా, అదే పని అక్కడ జర్మనీ, జపాన్, ఫ్రాన్స్ పేరుతో జరుగుతుంది. కేన్స్ చిత్రోత్సవం పక్కనే ఇందుకోసం ఒక పెద్ద సంతే నడుస్తుంది. తేడా ఎక్కడంటే, అక్కడి కొనుగోలుదారుడు అడ్వాన్స్ కొంతే ఇచ్చి, మిగతాది సినిమా పూర్తయి చేతికొచ్చాక ఇస్తానని కాంట్రాక్టు రాస్తాడు. ఆ కాంట్రాక్టు తాకట్టు పెట్టుకుని బ్యాంకు అప్పిస్తుంది. అప్పుడు బ్యాంకుకి ఒకటే బెంగ: సినిమా అసలు పూర్తవుతుందా? ఆ బెంగకి మందు కంప్లీషన్ బాండ్. పూర్తి చేయించే పూచీ మాది అని ఒక సంస్థ సంతకం పెడుతుంది. బడ్జెట్ దాటితే ఆ అదనపు ఖర్చు అది భరించాలి, తప్పనిసరైతే దర్శకుణ్ణి మార్చే హక్కు కూడా దానికుంటుంది. ఈ వ్యాపారంలో అందరికంటే పాత పేరు ఫిల్మ్ ఫైనాన్సెస్, 1950లో లండన్‌లో మొదలైంది.

గోల్డ్‌క్రెస్ట్ కూలిన కథలో విలన్ ఎవరని అడిగితే ఒక్క పేరు చెప్పడం అన్యాయం. 1983 చివర్లో ఎబర్ట్స్ ఒక అమెరికన్ కంపెనీకి వెళ్లిపోయాడు. పగ్గాలు జేమ్స్ లీ చేతికొచ్చాయి. ఆయన మెకిన్సీలో కన్సల్టెంటుగా చేసినవాడు, పియర్సన్ నుంచి వచ్చాడు. తెలివైనవాడే. కొద్దిపాటి డబ్బుతో చిన్న వాటాలు తీసుకుంటే కంపెనీ ఎప్పటికీ చిన్నదిగానే ఉంటుంది, సొంత డబ్బుతో సినిమాలు తీసి హక్కులన్నీ మన దగ్గరే ఉంచుకోవాలి అన్నది ఆయన లెక్క. కాగితం మీద చూస్తే తప్పు పట్టలేం. ఆస్కార్లు వస్తున్నాయి, పత్రికలు పొగుడుతున్నాయి, మదుపరులు చెక్కులు రాస్తున్నారు. వెలాండ్ అరుపు ఇంకా గాలిలోనే ఉంది.

1985లో మూడు సినిమాలు ఒకేసారి డబ్బు తాగడం మొదలుపెట్టాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద అల్ పచీనోతో 'రివల్యూషన్'. దీనికి న్యూయార్క్‌ని ఇంగ్లండ్‌లోని కింగ్స్ లిన్ అనే ఊళ్లో కట్టారు. దక్షిణ అమెరికా అడవుల్లో 'ద మిషన్'. లండన్‌లో సెట్లు వేసి 'యాబ్సల్యూట్ బిగినర్స్' అనే మ్యూజికల్. ఒకదాని బడ్జెట్ పెరిగితే ఇంకోదాని కోసం దాచిన డబ్బు తీసి ఇందులో పోయాల్సి వచ్చింది. వరసలో అన్నిటికంటే చివర, నష్టం మొదట తగిలే చోట నిలబడింది గోల్డ్‌క్రెస్టే.

పులి మీద పుట్రలా రూపాయి-డాలర్ లాంటి బాధ ఒకటి. 1985 ఫిబ్రవరిలో ఒక పౌండుకి 1.05 డాలర్లే వచ్చేవి. ఏడాది చివరికి అది 1.45 దాకా పెరిగింది. ఇంగ్లండ్‌లో సెట్లకీ జీతాలకీ ఖర్చు పౌండ్లలో అవుతుంది, అమెరికా హక్కుల డబ్బు డాలర్లలో వస్తుంది. పది లక్షల డాలర్ల చెక్కు ఏడాది మొదట్లో తొమ్మిదిన్నర లక్షల పౌండ్లు, చివర్లో ఏడు లక్షల లోపు. సినిమా బాగుందా బాగోలేదా అన్నదానితో ఈ నష్టానికి సంబంధమే లేదు.

ఎబర్ట్స్‌ని వెనక్కి పిలిచారు. 1985లో ఆయన వచ్చేసరికి మూడు సినిమాలూ ఆపలేని దశకి చేరాయి. సగం తీసిన సినిమాని ఆపితే పెట్టింది మొత్తం పోతుంది, పూర్తి చేస్తే ఇంకా పోతుందేమో. 'రివల్యూషన్' ఆ డిసెంబరులో విడుదలైంది. అమెరికా థియేటర్లలో దానికి పది లక్షల డాలర్లు కూడా రాలేదు. సుమారు 1.56 కోట్ల పౌండ్లు పెడితే గోల్డ్‌క్రెస్ట్‌కి తిరిగొచ్చినవి 60 లక్షలు. అంటే 96 లక్షలు పోయాయి. గాంధీ తెచ్చిన 64 లక్షల మిగులూ ఎగిరిపోయి, ఇంకో 32 లక్షలు ఎదురు పడ్డాయి. 'ద మిషన్' కేన్స్‌లో అగ్ర బహుమతి గెలిచింది, అయినా 1.51 కోట్లు పెడితే 1.22 కోట్లే తిరిగొచ్చాయి. మ్యూజికల్‌లో 47 లక్షలకి 19 లక్షలు.

అదే రోజుల్లో 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ' అనే చిన్న సినిమాలో గోల్డ్‌క్రెస్ట్ వాటా కేవలం 4.6 లక్షల పౌండ్లు. తిరిగొచ్చింది 19 లక్షలు, నాలుగింతలు. పాత పద్ధతి చచ్చిపోలేదు, ఆఫీసులో అందరి చూపూ పెద్ద సినిమాల మీదుండగా ఓ మూల అది తన పని తాను చేసుకుపోతోంది. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ అనిపించే అంకె 96 లక్షలు కాదు, ఈ 4.6 లక్షలే. 1987లో కంపెనీని అమ్మేశారు.

ప్రభుత్వం వైపు నుంచి కూడా అప్పుడే నీళ్లు ఆగాయి. సినిమా పెట్టుబడి మీద మొదటి ఏడాదే మొత్తం పన్ను మినహాయింపు తీసుకునే వీలుండేది, 1984 బడ్జెట్‌లో దాన్ని దశలవారీగా ఎత్తేశారు. టికెట్ల మీద వసూలు చేసి బ్రిటిష్ నిర్మాతలకి పంచే ఈడీ లెవీ 1985లో పోయింది. మళ్లీ 1997లో పన్ను రాయితీ తెచ్చారు. ఈసారి డబ్బున్నవాళ్లు సినిమా కోసం కాకుండా పన్ను ఎగ్గొట్టడం కోసమే సినిమాల్లో పెట్టడం మొదలుపెట్టారు. చివరికి 2007 నుంచి రాయితీని మదుపరికి కాకుండా నేరుగా సినిమా తీసే కంపెనీకే ఇస్తున్నారు. ఇప్పుడు పెద్ద సినిమాలకి అర్హమైన ఖర్చు మీద 34 శాతం క్రెడిట్ (ప్రభుత్వం వెనక్కిచ్చే సొమ్ము), చిన్న సినిమాలకి 53 శాతం. దాని మీద పన్ను పోగా చేతికొచ్చేది నాలుగింట మూడు వంతులు. హాలీవుడ్ భారీ సినిమాలు లండన్ చుట్టుపక్కల స్టూడియోల్లో తయారవడానికి వాతావరణం కారణం కాదని వేరే చెప్పాలా! ప్రభుత్వం ఇస్తానన్న ఆ సొమ్మునే చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. ఈ రోజు బ్రిటన్‌లో సినిమా ఫైనాన్స్ ఉద్యోగి రోజులో ఎక్కువ భాగం ఈ కాగితాలతోనే గడుస్తుంది.

మళ్లీ ఎబర్ట్స్ దగ్గరికి వద్దాం. 1985లోనే ఆయన అలైడ్ ఫిల్మ్‌మేకర్స్ అని సొంత సంస్థ పెట్టుకున్నాడు. దాని తొలి అడుగుల్లో ఒకటి టెర్రీ గిలియమ్ తీసిన 'బారన్ మంచౌసెన్'. రోమ్‌లో షూటింగ్, అంతులేని ఖర్చు. అనుకున్న 2.35 కోట్ల డాలర్ల బడ్జెట్ దాదాపు రెట్టింపైందని పత్రికలు రాశాయి, దర్శకుడు ఆ లెక్క ఒప్పుకోలేదు. ఈ సినిమాకి బాండ్ ఇచ్చింది ఫిల్మ్ ఫైనాన్సెస్. షూటింగ్ మధ్యలో వాళ్లు దిగి సీన్లు కత్తిరించమని దర్శకుడి మెడ మీద కూర్చున్నారు. ఇంతలో కొలంబియాలో ఆ సినిమాని ఒప్పుకున్న పెద్ద మారిపోయాడు. ఆ పెద్ద ఎవరో కాదు, 'చారియట్స్ ఆఫ్ ఫైర్' నిర్మాత డేవిడ్ పట్నమ్. కొత్తవాళ్లకి పాతాయన సినిమా మీద ప్రేమ ఉంటుందా? అమెరికాలో నామమాత్రంగా విడుదల చేసి వదిలేశారు.

ఆ దెబ్బ తర్వాత ఎబర్ట్స్ పాత పాఠానికే తిరిగొచ్చాడు, కొంచెం రూపు మార్చి. 'డ్రైవింగ్ మిస్ డైసీ' అనే చిన్న సినిమాకి ఎవరూ ముందుకు రాలేదు. ముసలావిడ, ఆమె నల్లజాతి డ్రైవర్, మాటలు తప్ప మరేం లేదు. బడ్జెట్ 75 లక్షల డాలర్లు. అమెరికా హక్కులు వార్నర్ బ్రదర్స్ తీసుకుంది, విదేశీ హక్కులకి ఎబర్ట్స్ డబ్బు పెట్టాడు. అంటే మొత్తం భారం ఎవరి మీదా పడలేదు. అది ప్రపంచవ్యాప్తంగా 14 కోట్ల డాలర్లు దాటింది. వెనువెంటనే కెవిన్ కాస్ట్‌నర్ మొదటిసారి దర్శకత్వం చేస్తున్న 'డాన్సెస్ విత్ వుల్వ్స్'. మూడు గంటల వెస్టర్న్, చాలా మాటలు అమెరికా ఆదివాసుల లకోటా భాషలో. స్టూడియోలు మొహం తిప్పుకున్నాయి. ఎబర్ట్స్ తొలి డబ్బు సర్ది విదేశీ హక్కులు అమ్మించాడు, తర్వాతే ఒరాయన్ కంపెనీ అమెరికా హక్కులకి వచ్చింది. బడ్జెట్ దాటినప్పుడు కాస్ట్‌నర్ సొంత జేబు తీశాడు. గోల్డ్‌క్రెస్ట్ 1985లో నిలబడిన చోట ఈసారి హీరోనే నిలబడ్డాడు, కాకపోతే సినిమా 42 కోట్ల డాలర్లు చేసి ఆయన్ని గట్టెక్కించింది.

'చారియట్స్ ఆఫ్ ఫైర్', 'గాంధీ', 'డ్రైవింగ్ మిస్ డైసీ', 'డాన్సెస్ విత్ వుల్వ్స్': పదేళ్లలో ఉత్తమ చిత్రం ఆస్కార్ గెలిచిన నాలుగు సినిమాల వెనక ఈ ఒక్క మనిషి ఉన్నాడు. నాలుగింటికీ మొదట కాదన్నవాళ్లున్నారు. ఆయన అభిరుచి గొప్పదని అంటుంటారు. అభిరుచి లేదని నేననను. కానీ అదే అభిరుచి 'బారన్'నీ ఎంచుకుంది కదా. ఈ నాలుగింటిలోనూ కనబడేది ఇంకోటి: ఏ ఒక్కదానిలోనూ ఆయన కంపెనీ మొత్తం బరువు ఒంటరిగా మోయలేదు. 2000లో 'చికెన్ రన్' దాకా అదే దారి. 2012 సెప్టెంబరులో ఆయన మాంట్రియల్‌లో కన్నుమూశాడు.

డి.వి.ఎస్. రాజు చైర్మన్‌గా ఉన్నప్పుడు ఎన్‌ఎఫ్‌డీసీ పెట్టిన ఆ కోటి డాలర్ల సంగతి మిగిలింది. విదేశీయుడి సినిమాకి ప్రభుత్వ సొమ్మా అని కొందరు గొడవపడిన డబ్బే అది. వరసలో అందరూ తమ వాటాలు తీసుకున్నాక ఎన్‌ఎఫ్‌డీసీకి కూడా లాభం వచ్చింది. ఆ లాభంతో పనులు లేక ఇబ్బంది పడే పాత సినిమా కళాకారులకీ సాంకేతిక నిపుణులకీ సాయం చేసే ఒక నిధి పెట్టారు. అందులోంచి నెలనెలా పెన్షన్ అందుకున్నవాళ్లలో చాలామంది ఆ సినిమా సెట్ కూడా చూసి ఉండరు.